వార్త చేరింది, ఇల్లు కదల్లేదు: బుడమేరు వరదపై ఒక పీజీ డిసర్టేషన్ కథ

గుంటూరు వైపు ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీ విద్యార్థులకు నేను కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పరిశోధనా పద్ధతులు చెబుతాను. అంతకుముందు విజయవాడలో దినపత్రిక డెస్కులో పనిచేశాను. మా దగ్గర నాలుగో సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ ఒక డిసర్టేషన్ (సొంత పరిశోధన మీద వ్యాసం) రాయాలి. 2024లో విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరదలో, వార్త అందాక ఇళ్ళలో ఏం జరిగిందన్నదాని మీద నా దగ్గర ఒక అమ్మాయి చేసిన డిసర్టేషన్ గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. టాపిక్ ఎలా మొదలై ఎలా మారింది, వీధుల్లో ఏం తెలిసింది, వైవాలో (మౌఖిక పరీక్షలో) ఏం అడిగారు అన్నవన్నీ ఇందులో ఉంటాయి. ఈ కోర్సు చదివేవాళ్ళకీ చెప్పేవాళ్ళకీ పనికొస్తుందన్న నమ్మకంతో రాస్తున్నాను. ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఆమె పేరు గానీ, ఆమెతో మాట్లాడినవాళ్ళ వివరాలు గానీ ఇవ్వడం లేదు.

కోర్సులోకి వచ్చేవాళ్ళు

ఏ డిగ్రీ చదివినవాళ్ళైనా ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఈ కోర్సులో చేరవచ్చు. బీకాం వాళ్ళు, బీఎస్సీ వాళ్ళు, ఒకరిద్దరు బీటెక్ వాళ్ళు కూడా వస్తుంటారు. ఎక్కువమంది మనసులో ఉండేది స్టూడియో, మైకు, సొంత యూట్యూబ్ చానల్. అందులో తప్పేమీ లేదు. పక్కనే ఉన్న విజయవాడ 1948 డిసెంబర్ 1 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉన్న ఊరు. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు పుట్టిన ఊరు. అలాంటి ఊరి నీడలో పెరిగిన పిల్లలకు మీడియా అంటే ముందు చెప్పేవాళ్ళే కనిపిస్తారు. వినేవాళ్ళు కనిపించడానికి టైమ్ పడుతుంది.

మొదటి సెమిస్టర్‌లోనే సిద్ధాంతాలన్నీ వచ్చేస్తాయి. 1948లో హెరాల్డ్ లాస్‌వెల్ వేసిన ప్రశ్న (ఎవరు, ఏమి, ఏ మాధ్యమంలో, ఎవరికి, ఏ ఫలితంతో), అదే ఏడాది క్లాడ్ షానన్ గీసిన నమూనా, లాజర్స్‌ఫెల్డ్ రెండంచెల ప్రవాహం, 1968లో చాపెల్ హిల్‌లో ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని 100 మంది ఓటర్లతో మెకూంబ్స్, షా చేసిన అజెండా సెట్టింగ్ (మీడియా ముఖ్యమని చూపించిందే జనానికీ ముఖ్యమవుతుందన్న ఆలోచన) పరిశోధన. లెక్చరర్ అర్హత కోసం రాసే నెట్ పరీక్ష రెండో పేపర్‌లో 100 ప్రశ్నలుంటాయి కాబట్టి పేరు, సంవత్సరం జతపరచడం పిల్లలు బాగా నేర్చుకుంటారు. అవి తెలియాలి కూడా. అయితే ఆ పేర్లను తమ వీధికి పట్టుకెళ్ళి, ఇక్కడ ఇది నిజమేనా అని అడిగే అవకాశం చాలామందికి డిసర్టేషన్‌లో తప్ప దొరకదు. అక్కడ కూడా దొరక్కుండా పోవడం నాకు ఏటా బాధగా ఉంటుంది. అందుకే ఈ కేసు.

మొదట వచ్చిన టాపిక్

ఆ అమ్మాయి నా దగ్గరకు తెచ్చిన సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) పేరు "వరద సమయంలో సోషల్ మీడియా పాత్ర: విజయవాడ నగరంపై ఒక అధ్యయనం". మా విభాగం బీరువా తెరిస్తే ఈ వరసలో బోలెడు కనిపిస్తాయి. ఎన్నికల్లో ఫలానా దాని పాత్ర, వ్యవసాయంలో ఫలానా దాని పాత్ర. వంద మందికి ప్రశ్నావళి ఇస్తారు, టిక్‌లు లెక్కపెడతారు, శాతాలు వేస్తారు, రంగుల పటాలు గీస్తారు. పని సాఫీగా అయిపోతుంది. కొత్తగా తెలిసేది మాత్రం తక్కువ.

ఈ అమ్మాయికి టాపిక్ మీద సొంత కారణం ఉంది. వాళ్ళ పిన్నివాళ్ళు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో కింది వాటాలో అద్దెకుంటారు. 2024 ఆగస్టు 31, శనివారం కుండపోత వాన. మర్నాడు, సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక మీదికి వచ్చాయి. బుడమేరు డైవర్షన్ చానల్ (వాగు నీళ్ళను దారి మళ్ళించే కాలువ) ఎడమ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చివరి గండిని పూడ్చేసరికి సెప్టెంబర్ 7 అయింది. ఇదే సమయంలో కృష్ణా పొంగింది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. పిన్నివాళ్ళు పై వాటా వాళ్ళ ఇంట్లో చిక్కుకుపోయారు. ఫోన్ చార్జింగ్ అయిపోయి రెండు వైపులా టెన్షన్. ఆ రోజుల్లో ఈమె గుంటూరులో కూర్చుని చేతిలో ఫోన్ తిప్పుతూనే ఉంది. సోషల్ మీడియా పాత్ర అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

నేను టాపిక్ కాదనలేదు. ముందు ఓ పదిమంది దగ్గర ప్రశ్నావళి పెట్టి చూడమన్నాను. "వరద గురించి మీకు మొదట ఏ మాధ్యమం ద్వారా తెలిసింది?" అన్నది మూడో ప్రశ్న. టీవీ, పత్రిక, వాట్సాప్, మైకు ప్రచారం, ఇరుగుపొరుగు అని కింద గడులు. దాదాపు అందరూ వాట్సాప్ మీద టిక్ పెట్టారు. ఆమె సంతోషంగా వచ్చింది. ఫలితం ముందే తేలిపోయినట్టుంది.

అయితే ఆమె నోట్‌బుక్ చివర, ప్రశ్నావళికి సంబంధం లేకుండా, ఒక వాక్యం రాసుకుంది. పిన్ని కూడా వాట్సాప్ మీదే టిక్ పెట్టిందట. పెట్టాక కాఫీ గ్లాసు అందిస్తూ, మెసేజ్ వచ్చిన మాట నిజమే గానీ ఎదురింటావిడ గ్యాస్ సిలిండర్‌ని మెట్ల మీదికి ఈడ్చుకుపోవడం చూశాకే తాను లేచానని చెప్పిందట. మెసేజ్ ఎప్పుడొచ్చింది, సిలిండర్ ఎప్పుడు కనిపించింది అని అడిగాను. మధ్యలో చాలా టైమ్ ఉందంది. ఆ మధ్య పిన్ని ఇడ్లీలు వేసి పిల్లలకు పెట్టిందట.

ఆ మధ్య టైమే నీ డిసర్టేషన్ అన్నాను.

ప్రశ్నను మార్చుకోవడం

వార్త ఏ దారిన వచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చాక ఆ ఇంట్లో ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న. మన డిసర్టేషన్లలో తొంభై పాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే దానికి టిక్ పెట్టించవచ్చు. రెండోదానికి టిక్ పెట్టించలేం, కథ చెప్పించాలి.

దీనికి పద్ధతి లేకపోలేదు. అమెరికాలో కమ్యూనికేషన్ పరిశోధకురాలు బ్రెండా డెర్విన్ 1970ల నుంచి "సెన్స్ మేకింగ్" పేరుతో పెంచిన పద్ధతి ఉంది. అందులో టైమ్‌లైన్ ఇంటర్వ్యూ ముఖ్యం. సమాచారాన్ని ఒకరు పంపితే ఇంకొకరు పుచ్చుకునే వస్తువుగా డెర్విన్ చూడదు. మనిషి ఒక పరిస్థితిలో ఉంటాడు, ఎక్కడో అడుగు ఆగిపోతుంది, ఆ ఖాళీ దాటడానికి ఏదో ఒకటి వాడుకుంటాడు. అందుకని అడిగేది ఇలా ఉంటుంది: అప్పుడు ఏం జరిగింది, ఆ క్షణంలో మీకు ఏ ప్రశ్న వచ్చింది, ఎవరిని అడిగారు, వచ్చిన జవాబు ఏ పనికి వచ్చింది. క్షణం తర్వాత క్షణం అలా నడిపిస్తూ పోవాలి.

పుస్తకంలో చదివితే ఇది సులభం. సింగ్‌నగర్ ఇంటి అరుగు మీద చేస్తే వేరు. అక్కడ ఆమె నేర్చుకున్న కొన్ని సంగతులు ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

మొదటిది గడియారం. "ఎన్నింటికి?" అంటే జనం ఏదో ఒక అంకె చెప్పేస్తారు, అది నమ్మదగింది కాదు. కరెంటు పోకముందా, పోయాకా? పాల ప్యాకెట్లు వచ్చాయా అప్పటికి? పిల్లలు టిఫిన్ తిన్నారా? ఇలా అడిగితే వరస తప్పకుండా వచ్చింది. ఆదివారం కావడం కలిసొచ్చింది. చికెన్‌కి వెళ్ళకముందు, వెళ్ళొచ్చాక అన్నది చాలా ఇళ్ళలో గట్టి గుర్తు.

రెండోది కాగితం. రికార్డర్ పెడితే కొందరు బిగుసుకుపోయారు. పాత గోడ క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి, అడ్డంగా ఒక గీత గీసి, వాళ్ళు చెబుతుంటే గీత మీద రాసుకుంటూ పోయింది. వాళ్ళే వంగి చూసి, "ఇది కాదమ్మా, సిలిండర్ తర్వాతే ఫోన్" అని సరిదిద్దారు. కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళ వరసను స్కూలు పిల్లలు దిద్దారు.

మూడోది అన్నిటికంటే విలువైనది. భార్యాభర్తలను ఒకేచోట కూర్చోబెడితే ఒక్క కథే వస్తుంది, అదీ ఎక్కువగా భర్త కథ. విడిగా అడిగితే రెండు కథలు వచ్చాయి. ఒకింట్లో ఆయన తానే అందరినీ మేడ మీదికి పంపానన్నాడు. భార్య చెప్పిన కాగితం మీద చూస్తే, ఆయన బండిని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కించి తిరిగొచ్చేలోపే పిల్లలు, బియ్యం బస్తా, సర్టిఫికెట్ల సంచి పైన ఉన్నాయి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు కదిలిన క్షణం వాళ్ళకు గుర్తుంది.

ఇంకో అడ్డంకి పరిహారం. కింది అంతస్తు ఇళ్ళకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది, ఇంటింటికీ ఎన్యుమరేషన్ (నష్టం లెక్కింపు) జరిగింది. చేతిలో కాగితాలతో ఎవరు వచ్చినా అందుకే వచ్చారనుకునే రోజులు. ఆమె కూర్చోగానే నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో, ఫ్రిజ్ ఎలా పాడైందో మొదలుపెట్టేవాళ్ళు. పేరు రాయడం లేదని, నష్టపరిహారంతో సంబంధం లేదని, ఇది కాలేజీ చదువు కోసమని మొదటి మాటలోనే చెప్పమన్నాను. కొందరు ఆ మాట విని లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనివ్వాలి. ఉన్నవాళ్ళ బాధను మాత్రం తొందరపెట్టకుండా వినమన్నాను. పెళ్ళి ఫోటోలు, పిల్లల మార్కుల మెమోలు బురదలో పోయినవాళ్ళ దగ్గరకు వెళ్ళి "నాకు కావాల్సింది అది కాదండీ" అనే హక్కు ఏ పరిశోధకురాలికీ లేదు. ఆమె ఈ విషయంలో నాకంటే ఓపికగా ఉంది. కాగితం పక్కన పెట్టి వినేది. మరోసారి వెళ్ళి మొదలుపెట్టేది.

తెలిసిన సంగతులు

టీవీ చూసినవాళ్ళలో చాలామందికి ఆ ఉదయం కృష్ణా అంకెలు తెలుసు. ప్రకాశం బ్యారేజీకి 3.97 లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. కృష్ణలంక, రాణిగారితోట వైపు నది పక్కన బతికేవాళ్ళకు ఈ అంకెల అర్థం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ అంకెకు ఏ వీధి మెట్టు తడుస్తుందో తాతల నాటి నుంచి లెక్క ఉంటుంది. సింగ్‌నగర్ ఇళ్ళలో అలాంటి లెక్క లేదు. క్యూసెక్ అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు నీరు. మర్నాటికి చేరిన 11.43 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 3 కోట్ల 20 లక్షల లీటర్లకు పైనే. భయపెట్టే అంకె. అయితే అది కృష్ణాది. తమ వెనక ఉన్నది బుడమేరు. తెర మీద ఎంత పెద్ద అంకె కనిపిస్తే, ప్రమాదం అటువైపు ఉందన్న ధైర్యం ఇక్కడ అంత పెరిగింది. ఒకాయన కృష్ణలంకలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, మా ఇంటికి వచ్చెయ్యమని పిలిచాడు. ఆ ఫోన్ చేసిన ఇంట్లోకి మధ్యాహ్నానికి నీళ్ళొచ్చాయి.

ఈ ఒక్క సంగతి కోసమే నేను ఈ డిసర్టేషన్‌ని క్లాసులో ప్రతి ఏడూ చదివిస్తాను. తప్పుడు వార్త కాదది. నూటికి నూరు పాళ్ళు సరైన అంకె. సరైన వార్తే తప్పు ఇంట్లో తప్పు ధైర్యం ఇచ్చింది. షానన్ నమూనాలో "నాయిస్" అంటే తీగలో గరగర అని చెప్పి వదిలేస్తాం. ఇక్కడ తీగలో ఏ గరగరా లేదు.

దానికి తోడు 2005. ఆ ఏడాది కూడా బుడమేరు ఊరి మీదికి వచ్చింది. అప్పటి నుంచి అక్కడే ఉన్నవాళ్ళు ఆ జ్ఞాపకాన్నే కొలతగా పెట్టుకున్నారు. అప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిందంటే ఇప్పుడూ ఆగుతుందనుకున్నారు. ఆమె మాట్లాడిన ఇళ్ళలో పాత కాపురాలవాళ్ళు ఆలస్యంగా కదిలారు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు తొందరగా భయపడ్డారు గానీ, ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకు తెలియదు.

మరి చివరికి కదిలించింది ఎవరు? లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940లో ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో ఎన్నికల మీద చేసిన పరిశోధనలో, వార్త ముందు కొందరు ఒపీనియన్ లీడర్లకు చేరి, వాళ్ళ నోటి మీదుగా మిగతావాళ్ళకు వెళుతుందన్న ఆలోచన పుట్టింది. పిల్లలు దీన్ని చదివి, లీడర్ అంటే కార్పొరేటరో, గుడి కమిటీ పెద్దో అనుకుంటారు. ఆ ఆదివారం సింగ్‌నగర్ వీధుల్లో లీడర్ ఎవరంటే నీళ్ళు కళ్ళతో చూసొచ్చినవాడు. కండ్రిక నుంచి ఖాళీ ఆటో వెనక్కి తిప్పుకుని వచ్చిన డ్రైవర్. చికెన్ సంచితో సగం దారిలో నుంచి మళ్ళీ వచ్చిన కుర్రాడు. ప్యాంటు మోకాలి దాకా తడిసిన మనిషి వీధిలోకి వస్తే, అతను నోరు తెరవక ముందే ఇళ్ళలో సామాను పైకి లేచింది. మామూలు రోజుల్లో ఆ కుర్రాడి మాట ఎవరూ లెక్కచెయ్యరు. కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ 1955లో ప్రచురించిన డెకాటర్ పరిశోధనలో ఈ మెలిక ఉంది: ఒక్కో విషయానికి ఒక్కో లీడర్, అదీ మన వరసలోని మనుషుల్లోంచే. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా పోయే ఆ మాటకు ఇక్కడ తడిసిన ప్యాంటు సాక్ష్యంగా దొరికింది. ఆ పేరా చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

ఇంకొకరు కూడా ఉన్నారు. ఒక వీధిలో అందరికంటే ముందు కదిలిన ఇళ్ళను కాగితాల మీద గుర్తుపెడితే, వాటిలో చాలావరకు ఒకే డ్వాక్రా సంఘం సభ్యుల ఇళ్ళని తేలింది. సంఘం లీడరుకు అందరి నంబర్లూ ఉంటాయి, ఎందుకంటే నెలనెలా వాయిదా గుర్తుచెయ్యాలి. ఆవిడ గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ వస్తే ఎత్తకుండా ఉండే అలవాటు ఎవరికీ లేదు. పైగా నీళ్ళొస్తున్నాయని మాత్రమే చెప్పలేదు. తమ సొంత డాబా మీదికి రమ్మంది. ఎక్కడికి రావాలో కూడా ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంది.

నా దృష్టిలో డిసర్టేషన్ మొత్తానికి ఇది కీలకం. ఆ ఉదయం అందిన మెసేజ్‌లలో చాలా వాటిలో ప్రమాదం ఉంది, దారి లేదు. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అంటే కింది వాటాలో అద్దెకున్న మనిషి ఏం చెయ్యాలి? పై వాటా ఓనర్లది. ఓనర్‌తో మాటలున్నాయా లేదా, పోయిన నెల అద్దె కట్టారా లేదా అన్నది కూడా మెట్లెక్కడానికి అడ్డొచ్చింది. ఒకింట్లో తలుపు కొట్టడానికి మొహమాటపడి, నీళ్ళు మంచం తాకేదాకా ఆగారు. దీన్ని మీడియా డిసర్టేషన్‌లో రాయొచ్చా మేడం అని ఆమె అడిగింది. రాయకపోతే ఆ మెసేజ్ ఎందుకు పనిచెయ్యలేదో ఎలా తెలుస్తుందమ్మా అన్నాను.

కరెంటు పోయాక సంగతి ఇంకొకటి. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది, దానికి నెట్ అక్కర్లేదు. వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చితే ఆ వైరే ఏరియల్‌గా పనిచేస్తుంది. ఇప్పుడు కుర్రాళ్ళందరి దగ్గరా బ్లూటూత్ ఇయర్‌బడ్స్. సిగ్నల్ లేని ఆ రాత్రుల్లో ఫోన్‌లో రేడియో ఉండి కూడా వినలేకపోయిన ఇళ్ళు ఆమెకు తగిలాయి. చిన్న విషయమే. అయినా విపత్తు సమయంలో రేడియో గురించి మేం చెప్పే పాఠంలో ఈ వైరు సంగతి ఇప్పుడు తప్పకుండా ఉంటుంది.

పుకారు వచ్చిన రోజు

నీళ్ళు తగ్గాక, ఇళ్ళు కడుక్కుంటున్న రోజుల్లో, కట్ట మళ్ళీ తెగిందని ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అది అబద్ధం. కాని జనం పరుగెత్తారు. ఆమె కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆదివారం నిజమైన వార్తకు ఇడ్లీలు వేసుకుంటూ కూర్చున్న ఇళ్ళే ఈసారి అబద్ధానికి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాయి.

మనస్తత్వవేత్తలు గోర్డన్ ఆల్పోర్ట్, లియో పోస్ట్‌మన్ 1947లో పుకార్ల గురించి ఒక సూత్రం చెప్పారు. విషయం మనకెంత ముఖ్యమో, అది ఎంత అస్పష్టంగా ఉందో, ఆ రెండింటి గుణకారం మేరకు పుకారు బలంగా తిరుగుతుంది. రెండింటిలో ఏది సున్నా అయినా పుకారు ఉండదు. ఆదివారం ఉదయం అస్పష్టత ఉంది గానీ, ప్రాణం మీదికి వస్తుందన్న భావన ఇళ్ళలో లేదు. వారం తర్వాత ఆ భావన ప్రతి గోడ మీదా బురద గీతగా ఉంది. సూత్రం ఇక్కడ బాగానే అతికింది. ఇంతకంటే నాకు ముఖ్యంగా అనిపించింది, ఆ వాయిస్ మెసేజ్‌ని ముందుకు పంపినవాళ్ళతో ఆమె మాట్లాడటం. ఒకామె ఆ మెసేజ్‌ని పాయకాపురంలో ఉన్న అక్కకు పంపింది. నిజమో కాదో తెలియదని ఆమెకు తెలుసు. పంపకపోతే, అది నిజమైతే, అక్క ముఖం ఎలా చూడాలన్నది ఆమె లెక్క. ఫేక్ న్యూస్ వర్క్‌షాపుల్లో మేం నేర్పేది మూలం సరిచూసుకోండి, గూగుల్‌లో ఫోటో వెతకండి అని. ఈ అక్కచెల్లెళ్ళ లెక్కకు ఆ పాఠంలో జవాబు లేదు. పంపొద్దని చెబితే సరిపోదు. పంపకుండా అక్కను కాపాడుకునే దారి ఏదో చూపించాలి. వార్డు సచివాలయంలో ఎవరికి ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో అవునో కాదో తేలుతుందో ముందే తెలిసి ఉంటే, ఆమె ముందు అక్కడికి చేసేదేమో.

వైవాలో

అభ్యంతరాలు వస్తాయని తెలుసు, వచ్చాయి. శాంపిల్ ఎంత, పట్టికలు ఏవి, హైపోథెసిస్ ఎక్కడ అని అడిగారు. ఇది సోషియాలజీ అవుతుంది గానీ జర్నలిజం ఎలా అవుతుందని ఒకరు అన్నారు.

ఆమె రెండు జవాబులు సిద్ధం చేసుకుంది. తన పని ఎంతమంది అన్నది చెప్పదని, ఎలా జరిగిందన్నది చెబుతుందని, శాతాలు కావాలంటే ఈ టైమ్‌లైన్ల నుంచి తయారైన ప్రశ్నలతో పెద్ద సర్వే చెయ్యాలని, ముందు ఇది లేకుండా ఆ సర్వే చేస్తే వాట్సాప్ అనే టిక్ ఒక్కటే వస్తుందని చెప్పింది. పిన్ని వీధితో మొదలుపెట్టడం వల్ల తనవాళ్ళ కథలే ఎక్కువ వచ్చే ప్రమాదం ఉందని ముందే ఒప్పుకుని, అందుకే పాల ఏజెంటు వెంట వేరే కాలనీకి వెళ్ళి, తనను ఎరగని ఇళ్ళలో కూడా మాట్లాడానని వివరించింది. అక్కడ ఓనర్, అద్దె గొడవ ఇంకా బలంగా కనిపించిందని కూడా చెప్పింది.

జర్నలిజం ఎలా అవుతుందన్న ప్రశ్నకు జవాబుగా ఆమె క్యాలెండర్ కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. మెసేజ్ వచ్చిన చోట ఒక గుర్తు, ఇంటివాళ్ళు మెట్లెక్కిన చోట ఒక గుర్తు. వార్త రాసేవాళ్ళు ఈ రెండు గుర్తుల మధ్య దూరం తగ్గించలేకపోతే ఇంకెవరు తగ్గిస్తారండీ అని అడిగింది. నేను గైడ్‌గా పక్కన కూర్చున్నాను కాబట్టి మాట్లాడకూడదు. గర్వపడటానికి మాత్రం అడ్డేమీ లేదు. డిసర్టేషన్ పాసైంది. అభ్యంతరం చెప్పిన ఆయన చివర్లో ఆ కాగితం ఫోటో తీసుకున్నారు.

తర్వాత చేసిన మార్పులు

పరిశోధనా పద్ధతుల పేపర్‌లో ఇప్పుడు ప్రశ్నావళి కంటే ముందు టైమ్‌లైన్ ఇంటర్వ్యూ నేర్పుతున్నాను. ప్రతి విద్యార్థీ తన సొంత ఇంట్లోనే, ఏదో ఒక వార్త వచ్చిన రోజు మీద, ఇద్దరితో విడివిడిగా చేసి రావాలి. తల్లి కాగితం, తండ్రి కాగితం పక్కపక్కన పెట్టగానే సగం పాఠం అర్థమైపోతుంది.

రిపోర్టింగ్ క్లాసులో ఒక అలవాటు పెట్టాను. హెచ్చరిక వార్త ఏది రాసినా, అచ్చయ్యే ముందు మూడు సంగతులు ఉన్నాయో లేదో చూసుకోవాలి: ఏ వీధులకు, ఎప్పటిలోగా, ఎక్కడికి వెళ్ళాలి. డెస్కులో నేను పనిచేసిన రోజుల్లో క్యూసెక్కులు హెడింగ్‌లో పెడితే పెద్ద వార్త రాసినట్టు ఉండేది. ఇప్పుడు మా ల్యాబ్ జర్నల్‌లో (విద్యార్థులే తెచ్చే పత్రికలో) అంకె పక్కన, అది ఏ నదిదో, ఎవరికి వర్తించదో కూడా రాయాలి. వర్తించదు అని రాయడం పిల్లలకు కొత్తగా ఉంటుంది. వర్తించనివాళ్ళు ఆ వార్త చూసి ధైర్యం తెచ్చుకోకూడదని కూడా ఆ పక్కనే రాయాలి కదా మేడం అని ఈ బ్యాచ్‌లో ఒక అబ్బాయి అడిగాడు. ఒకే వాక్యంలో ఈ రెండూ ఎలా చెప్పాలో ఇంకా కసరత్తు చేస్తున్నాం.

ఆ అబ్బాయిది గుంటూరు మిర్చి యార్డుకు కాయ తెచ్చే కుటుంబం. ధరలు ఫోన్‌లో ఉదయాన్నే తెలిసినా, కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు ఏ రోజు బయటికి తియ్యాలన్నది వాళ్ళ నాన్న కమిషన్ ఏజెంటు ఫోన్ వచ్చేదాకా తేల్చుకోడట. ఫోన్‌లో ధర చూడటానికీ, టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీ ఎక్కడానికీ మధ్య ఏం జరుగుతుందన్నది అతని టాపిక్. సినాప్సిస్‌లో "పాత్ర" అన్న మాట లేదు. పాత క్యాలెండర్లు మాత్రం ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకొచ్చాడు.